వాసన పోయిన పొద

మా తోటల్లో ఎవరి గుమ్మంలో కూర్చుని టీ తాగినా ఆ టీలో కాపా పిన్ని పొద ఆకు తగిలేది. ఇది మా సొంత మొక్కేనని ఎవరికి వాళ్లు గొప్పలు చెప్పుకునేవాళ్లు. చెప్పుకోనీ, ఆకు నోరు విప్పి చెప్పదు కదా అనుకుని నవ్వుకునేదాన్ని. తర్వాత తర్వాత ఆ అబద్ధం తలుచుకుంటే నాకు ఒళ్లు మండేది.

కాపా పిన్ని అసలు పేరు కపితోలినా యెగోరొవ్నా. మనిషి పొట్టి, నోరు పొడుగు. పెళ్లికి ముందే నార మిల్లులో చేరి, నారని మందుతో తెల్లబరిచే విభాగంలో పింఛను వచ్చేదాకా పనిచేసింది. నేను అదే మిల్లులో కండెలు చుట్టేదాన్ని. మిల్లువాళ్లు నది పక్కన కార్మికులకి తోటలు పంచినప్పుడు ఆమెదీ నాదీ పక్కపక్కన వచ్చాయి. మధ్యలో కంచె మోకాలెత్తు. ఉప్పు, అగ్గిపెట్టె, తిట్లు అన్నీ దాని మీదుగానే అటూ ఇటూ వెళ్లేవి.

అందరూ ముందు బంగాళాదుంపలకి చోటు చూసుకున్నారు. ఆమె మాత్రం ముందు పుల్లటి చిన్న నల్లపండ్లు కాసే తన బ్లాక్‌కరెంట్ పొదకి చోటు చూసింది. ఆ పొద ఆమె పుట్టిన ఊరిది. ఆనకట్ట కట్టి నీళ్లు వదిలిన ఏడాది ఆ ఊరు మునిగిపోయింది. జనం ఇళ్లు విప్పి, దూలాల్ని తెప్పలుగా కట్టుకుని వెళ్లిపోతుంటే ఆమె తల్లి పెరట్లోని పొద నుంచి కొన్ని పుల్లలు కోసి, పచ్చి బంగాళాదుంపల్లో గుచ్చి, తడిగుడ్డలో చుట్టి ఒళ్లో పెట్టుకుందట. తండ్రి సమాధి అక్కడే నీళ్లకింద ఉండిపోయింది. పుల్లలు మాత్రం ఒడ్డున పడ్డాయి. తల్లి పోయాక పొద కాపా పిన్నిది అయింది.

తోటపని తెలియని వాళ్లకి ఆమే పంతులమ్మ. మిల్లు నుంచి వచ్చిన వాళ్లలో సగం మందికి నల్లపండ్ల పొద ఏదో ఎర్రపండ్ల పొద ఏదో తెలిసేది కాదు. కాయ లేకుండా చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.

"ఆకు నలుపు. ముక్కు దగ్గర పెట్టుకో," అనేది పిన్ని. "గడ్డి వాసనొస్తే ఎర్రది. ముక్కు పట్టుకుని లాగినట్టుంటే నల్లది."

"పిల్లి ఉచ్చ పోసినట్టుంది పిన్నీ."

"ఆ పిల్లి ఉచ్చే రేపు నీ దోసకాయ ఊరగాయకి ప్రాణం. వెధవ మాటలు మాని గుంట తవ్వు. పుల్లని వాల్చి నాటు. నిటారుగా పెడితే ఒంటికాలి మీద నిలబడ్డ దానిలా పెరగనే పెరగదు. మూడు మొగ్గలు మట్టిలో, రెండు మొగ్గలు పైన. ముసలి కొమ్మ నల్లబడితే మొదలంటా కోసెయ్, జాలిపడకు. పండు కుర్రకొమ్మకే కాస్తుంది."

కానీ పుల్ల ఇమ్మంటే మాత్రం ఇచ్చేది కాదు. మా వైపు మొక్క ఇచ్చినవాళ్లకి దండం పెట్టకూడదు, పెడితే నాటుకోదు. అడిగి తెచ్చుకున్నదాని కంటే దొంగిలించుకొచ్చింది ఏపుగా బతుకుతుందని మా వాళ్ల నమ్మకం. దొంగిలించామని ఒప్పుకుంటే అది ఎండిపోతుందని కూడా. అందుకని కొత్తవాళ్లు వచ్చి పొద చుట్టూ తచ్చాడుతుంటే పిన్ని గట్టిగా కేకేసేది.

"ఇవ్వను గాక ఇవ్వను! నేనిప్పుడు అటు తిరిగి ఉల్లిపాయల్లో కలుపు తీసుకోవాలి. నా వీపుకి కళ్లు లేవు."

అలా ఆమె వీపు తిప్పిన ప్రతిసారీ పొద ఒక పుల్ల తగ్గేది, ఏదో తోటలో ఒక పొద పెరిగేది. ఎవరు ఎప్పుడు ఏ కొమ్మ కోశారో ఆమెకి తెలియదు. తెలుసుకోకపోవడమే మర్యాద.

వసంతం మొదట్లో, ఇంకా మంచు ఉండగానే, మేమందరం పొదల మీద జల్లు డబ్బాతో మరుగునీళ్లు పోస్తాం. మొగ్గల్లో కంటికి కనిపించని పురుగు దూరుతుంది. అది దూరిన మొగ్గ క్యాబేజీలా గుండ్రంగా ఉబ్బుతుంది. పిన్ని తన పొద మీద ఎప్పుడూ మరుగునీళ్లు పోయలేదు.

"మా అమ్మ ఒంటి మీద మరుగునీళ్లు పోస్తానా?" అనేది. ఉబ్బిన మొగ్గల్ని చేత్తో గిల్లి పారేసేది. వయసు మీదపడ్డాక ఆ గిల్లడమూ తగ్గింది.

ఒక మే నెలాఖరున ఆ పొద మునుపెన్నడూ లేనట్టు పూసింది. మామూలుగా దాని పూతని ఎవరూ పట్టించుకోరు. ఆకుల కింద పాలిపోయిన చిన్న గంటలు, అంతే. ఆ ఏడాది రేకులు చీలికలు చీలికలై, ఊదారంగు తిరిగి, దిండుగలీబు అంచుకి కుట్టిన లేసులా వేలాడాయి. అంతకు ముందు ఏడాదీ ఒకటి రెండు కొమ్మలు అలాగే పూశాయి. ఆ కొమ్మల్నే జనం మెచ్చి కోసుకుపోయారు. పిన్ని కూడా, "సోకుగా పూసిన కొమ్మ నది వైపుంది, నాకేం తెలీదు," అని ఉల్లిపాయల వైపు తిరిగింది.

"చూశావటే రిమ్మా, ముసలితనంలో సోకులు!" అంది నాతో కంచె మీదుగా.

"దానికా, నీకా?"

"నాకెక్కడివే, నా పళ్లు రాత్రిపూట గ్లాసులో పడుకుంటాయి."

జూలైలో పండ్లు కోద్దామని బకెట్ పట్టుకెళ్లింది. కాసేపటికి బకెట్ పక్కన పడేసి గిన్నె తెచ్చుకుంది. గిన్నె అడుగు కూడా నిండలేదు. నా పొదా అంతే. కంచె దాటి ఇటు వచ్చిన దాని పిల్లే కదా. పిన్ని మాత్రం, "దానికీ ఒక ఏడాది సెలవు కావాలి, మిల్లువాళ్లు మనకి ఇవ్వలేదా?" అని కొట్టిపారేసింది. జామ్ కాచే రోజుల్లో ఆమె పొయ్యి చల్లగా ఉండటం నేనెరిగినంతలో అదే మొదటిసారి.

ఆగస్టులో దోసకాయలు ఊరబెట్టాం. మూడో తోటలో ఉండే తైసియా ఒక సీసా పట్టుకుని మా గుమ్మం ముందు నిలబడింది. ఎప్పుడూ ఎవరో ఒకరి మీద ఫిర్యాదు లేకుండా ఆమెకి తెల్లవారదు.

"రుచి చూడండమ్మా. సోంపాకు వేశా, వెల్లుల్లి వేశా, బ్లాక్‌కరెంట్ ఆకు గుప్పెడు వేశా. ఉప్పునీళ్లు తాగినట్టుంది."

"నీ నోరు చప్పబడింది," అంది పిన్ని. "మా ఆకుని అనకు."

"మీ ఆకు అని ఎవరన్నారు? నాది బజార్లో కొన్నది!" అని తైసియా సీసా పట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మర్నాడు పొద్దున్నే పిన్ని నన్ను కంచె దగ్గరికి పిలిచింది. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ముఖం చూస్తే సరిగ్గా నిద్రపోయినట్టు లేదు.

"కళ్లు మూసుకో. ఒక్కొక్కటే చూసి చెప్పు."

మొదటి ఆకు ముక్కుకి తగలగానే చెప్పాను, నల్లదేనని. నది ఒడ్డున అడవిలో దానంతట అది మొలిచే పొద ఆకు అది. రెండోది నలిపి పెట్టింది. పీల్చాను. మళ్లీ పీల్చాను.

"గడ్డి."

"సరిగ్గా చూడు."

"గడ్డే పిన్నీ. ఏమీ లేదు ఇందులో."

"జలుబా నీకు?"

"జలుబూ లేదు, గిలుబూ లేదు."

"అయితే ఓర్వలేనితనం. మా పొద మీద ఎప్పుడూ కన్నే నీకు!"

నాకూ ముక్కు మీదే కోపం. కళ్లు తెరిచి అడిగేశాను. "నా మాట నమ్మకపోతే నువ్వే చూసుకో! ఊరందరికీ వాసన నేర్పినదానివి, నీకు మాత్రం ముక్కు లేదా?"

ఆమె ఆకుని అరచేతిలో చిన్న ఉండలా నలిపింది. "లేదు," అంది. "మిల్లులో ఉండగానే పోయింది. ఆ మందు ఆవిరికి. ముందు పూల వాసన పోయింది, తర్వాత రొట్టె వాసన. ఇప్పుడు పాలు మాడినా పొగ చూసి తెలుసుకుంటా."

"ఇన్నేళ్లూ మరి..."

"మరేం చెయ్యను? ఈ తోటల్లో నన్ను మనిషిగా చూసిందే ఈ ముక్కు వల్ల. పో ఇక్కణ్ణుంచి."

వెళ్లిపోయాను. తర్వాత ఆమె నాతో మాట్లాడలేదు. అడవిలో పుట్టగొడుగుల రోజులు వచ్చాయి. ఏటా ఇద్దరం కలిసి వెళ్లేవాళ్లం. ఆ ఏడాది ఆమె ఒక్కతే బుట్ట పట్టుకుని మా గుమ్మం ముందు నుంచే, తల తిప్పకుండా వెళ్లింది. నేనూ పలకరించలేదు. ఉన్నమాట అంటే ఉలుకెక్కువ అనుకున్నాను. కానీ ఆమె లేకుండా టీ తాగుతుంటే నాకు చప్పగా ఉండేది, అది ఆకు తప్పు మాత్రమే కాదు.

సెప్టెంబరులో ఒక మధ్యాహ్నం తనే కంచె దాటి వచ్చింది. బల్ల మీద రెండు ఆకులు పరిచింది. అడవి ఆకు చేతిలా ఐదు వేళ్లతో ఉంది. ఆమె పొద ఆకుకి మూడే వేళ్లు, అవి కూడా సన్నగా, సాగదీసినట్టు.

"గొడ్డుపూత," అంది. "మా అమ్మ ఆ మాటే అనేది. పూత లేసులా మారి, ఆకుకి వాసన పోతే ఆ పొద ఇక కాయదు, పక్కవాటినీ కాయనివ్వదు. పురుగు మోసుకుపోతుంది దాని జబ్బుని. సాయంత్రం దాకా ఉంచకుండా పీకి నిప్పులో వెయ్యమనేది. నేను రెండేళ్లు ఉంచుకున్నా. ఉంచుకోవడమే కాదు, కోసుకోండర్రా అని వీపు తిప్పా."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. అంతకంటే చూడలేనట్టుంది ఆమె ముఖం.

"కాల్చేస్తా రిమ్మా. కాల్చక తప్పదు. కానీ ఎవరో ఒకరి దగ్గర మంచిది ఉండాలి. ఏనాడో తీసుకున్నది, నాది జబ్బు పడకముందుది. ఒక్క పుల్ల చాలు. నాకు ముక్కు లేదు, నువ్వు నాతో రా."

ఇద్దరం తోట తోటకీ తిరిగాం. అలాంటి తిరుగుడు పగవాళ్లకి కూడా వద్దు. నిన్నటిదాకా ఆమె ఆకుతో టీ కాచుకున్నవాళ్లే తేలు కుట్టిన దొంగల్లా నిలబడ్డారు. తైసియా తన పొద బజార్లో కొన్నదేనని ఒట్టు పెట్టుకుంది. ఒకాయన తనది మామగారు తెచ్చిందన్నాడు. ఇంకొకావిడ మాకు బ్లాక్‌కరెంట్ అంటేనే పడదంది, ఆవిడ వెనకాలే పొద కనిపిస్తోంది. ఒప్పుకుంటే మొక్క ఎండిపోతుందన్న భయం కొంత, కాల్చమంటుందన్న భయం కొంత. ఎవరూ మమ్మల్ని ఆకు ముట్టుకోనివ్వలేదు.

నది చివర తోట మా సంఘం అధ్యక్షుడు అవెర్యన్ లూకిచ్‌ది. నీళ్ల పంపు తాళాలూ, జనం మీద పెత్తనమూ ఆయన దగ్గరే ఉండేవి. ఏటా కోతల పండగలో తన పొద పండ్లు బకెట్లకొద్దీ తెచ్చి బల్ల మీద పెట్టేవాడు, ఇది ప్రభుత్వ నర్సరీ రకమని. గేటు తియ్యకుండానే మాట్లాడాడు.

"కపితోలినా యెగోరొవ్నా, మీరు ఊరంతా తిరిగి జబ్బు అంటిస్తున్నారు. లోపలికి రావద్దు."

"రాను లూకిచ్. నీది నాదాన్నుంచి తీసుకున్నదా కాదా, అంతే చెప్పు."

"నేను దొంగనా?"

"దొంగవైతే నీ కాళ్లకి మొక్కుతా!" అంది పిన్ని. ఆమె గొంతు అలా పలకడం నేనెప్పుడూ వినలేదు. "మంచిదైతే ఒక్క పుల్ల ఇయ్యి. చెడ్డదైతే కాల్చెయ్. ముందు వాసన చూడు, తర్వాతే ఏదైనా."

"నాది నర్సరీది," అని ఆయన లోపలికి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద తవ్వాం. ముసలి వేరు, సగం తోట కింద పాకి ఉంది. నేను పారతో తవ్వుతుంటే ఆమె మోకాళ్ల మీద కూర్చుని తెగిన ప్రతి వేరుముక్కనీ ఏరింది. "అదిగో వదిలేశావు, కళ్లున్నాయా నీకు?" అని నన్ను తిట్టింది. తిట్టనిచ్చాను. నా పొదా పీకి అదే గుంటలో వేశాను. అది ఆమెదేనని నేనెప్పుడూ దాచలేదు. అగ్గిపుల్ల ఆమే గీసింది. కొమ్మలు పచ్చివి కావడంతో పొగ ఎక్కువ, మంట తక్కువ. ఆమె ఆ పొగలోనే నిలబడింది, పక్కకి రమ్మంటే రాలేదు.

అది చూశాకో, రాత్రి ఇంట్లో మాట్లాడుకున్నాకో, జనానికి బుద్ధి వచ్చింది. ఆదివారం మధ్యాహ్నం తైసియా తోటలోంచి పొగ లేచింది. తర్వాత దాని వెనకాల. తర్వాత బావి దగ్గర. నోటితో చెప్పలేనిది పొగతో చెబుతున్నారు. నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా తోటల్లో మాత్రం దొంగతనం లేనిదే పొగ రాదని ఆ రోజు తేలింది. పిన్ని బెంచీ ఎక్కి నిలబడింది.

"అదిగో, బజార్లో కొన్న పొద," అంది. "అది మామగారిది. ఓరి దేవుడా, ఎంతమంది! నా వీపు వెనకాల ఇంత అడవి పెరిగిందటే?"

ఆమె నవ్వింది కూడా. నాకూ మనసు కాస్త తేలికైంది. అంతలో గాలి నది వైపు నుంచి తిరిగింది. చలిగాలి, దాంతోపాటు పొగ. ఆ పొగ తగలగానే నా నోట్లో నీళ్లూరాయి. జామ్ కాచే రోజుల వాసన, కొత్త ఊరగాయ వాసన, పిల్లి ఉచ్చ అని మేం ఎగతాళి చేసే ఆ వాసన. ఆలోచించే లోపలే అనేశాను.

"పిన్నీ, ఇందులో వాసనుంది."

ఆమె ముఖంలో నవ్వు అలాగే ఆగిపోయింది. "దేంట్లో?"

"పొగలో. ఎవరో మంచిదాన్ని కాలుస్తున్నారు."

ఆ వయసులో ఆమె అలా పరిగెత్తగలదని నాకు తెలియదు. రబ్బరు జోళ్లలో ఒకటి దారిలోనే జారిపోయింది. "ఆపండర్రా! ఆపండి!" అని అరుస్తూ, పొగ ఉన్న ప్రతి గేటు దగ్గరా ఆగి, "ఇదా? ఇదా?" అని నన్ను అడుగుతోంది. కాదు, ఇంకా అటు, ఇంకా అటు అంటూ నేను ముక్కు పైకెత్తుకుని వేటకుక్కలా ముందు పరిగెత్తాను. గాలికి ఎదురెళ్లి నది చివరికి చేరాం.

అవెర్యన్ లూకిచ్ గడ్డపారతో మంటని ఎగదోస్తున్నాడు. పొద అంతా నిప్పులో ఉంది, వేరుతో సహా. పిన్ని గేటు తోసుకుని వెళ్లి ఒట్టి చేతులతో మంటలోంచి కొమ్మలు లాగింది. నేను ఆమె నడుం పట్టుకుని వెనక్కి ఈడ్చాను. ఆమె చేతిలో ఒకే ఒక్క కొమ్మ పచ్చిగా మిగిలింది. దాని కొస మాడింది, మొదలు బాగుంది.

"వాసన చూడమన్నా కదరా," అంది ఆమె. అధ్యక్షుణ్ణి ఎవరూ రా అని పిలవడం మేం వినలేదు.

ఆయన గడ్డపార వదిలేసి అక్కడే మట్టిలో కూర్చున్నాడు. "మా ఆవిడ తెచ్చింది, తోటలిచ్చిన మొదటి ఏడాది. మీ దగ్గరే. మీది జబ్బుదైతే దాని పిల్లా జబ్బుదేగా అనుకున్నా. ఎవరూ చూడకముందే కాల్చేద్దామని..." చివరి మాటలు సరిగా వినపడలేదు.

అప్పటికి జనం కంచె చుట్టూ చేరారు. పిన్ని కాలిన చేత్తోనే ఆ కొమ్మ మీది ఆకు ఒకటి తుంచి నలిపి, ముందు తైసియా ముక్కు దగ్గర పెట్టింది.

"ఉంది పిన్నీ! ఉంది!" అంది తైసియా కళ్లనీళ్లతో.

పక్కనున్న మామగారి పొదాయనా ఉందన్నాడు. బ్లాక్‌కరెంట్ అంటే పడనావిడా ఉందంది. లూకిచ్ కూడా తల ఊపాడు. పిన్ని వాళ్లందరినీ ఒకసారి చూసింది.

"ఈ నోళ్లే కదా మొన్న నా దగ్గర తీసుకోలేదన్నవి," అంది. "మీ మాట మీద దీన్ని ఎలా నాటుకోను?"

నిప్పులో కొమ్మలు చిటపటలాడుతున్నాయి. ఆమె ఆకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. వేళ్ల చివర్లు పొక్కుతున్నాయి, ఆ వేళ్లతోనే నా ముక్కు ముందు పెట్టింది.

"నువ్వు చెప్పు. లేనప్పుడు లేదన్నదానివి నువ్వొక్కదానివే."

పీల్చాను. తొందరపడలేదు, మాడు వాసన పక్కకి పోయేదాకా ఆగి మళ్లీ పీల్చాను.

"ఉంది," అన్నాను.

కాపా పిన్ని అప్పుడు ఏడ్చింది.